నూరు లెక్కపెట్టేదాకా

ముప్పై ఎనిమిది దగ్గర మెడ వెనక చిన్నగా దురద మొదలైంది. ఆవిడ లెక్క ఆపలేదు. ఎవరో మగమనిషి తాలూకు బూడిదరంగు కోటు భుజాల మీద వేసుకుని, రెండు చేతులూ బల్లమీద ఆనించి, కళ్లు మూసుకుని నిలబడింది. నలభై. నలభై ఒకటి. దురద వస్తే వచ్చింది, ఒక్కోసారి అది కోటుది కాదు, తన ఒంటిదే. అరవై దాటితే దానంతటదే ఊరుకుంటుంది. ఎనభై రెండు, ఎనభై మూడు. ఊరుకుంది కూడా. నూరు. కోటు విప్పి జేబులు తడిమింది. ఒక బస్సు టికెట్టు, విరిగిన దువ్వెన ముక్క. రెండూ తీసి పక్కన పడేసి, చిన్న అట్టముక్క మీద పెన్సిల్‌తో గుండ్రంగా "మంచిది" అని రాసి, కింద పొడి సంతకం పెట్టి, దారంతో కాలరు గుండీకి కట్టింది.

నేలమాళిగలో ఆవిడ పని ఇదే. పైన ప్రార్థనా మందిరం, దాని అడుగున ఈ పొడుగాటి గది. రోడ్డు వైపు గోడకి బాగా పైన రెండు కిటికీలున్నాయి. వాటిలోంచి కనపడేది దారిన పోయేవాళ్ల కాళ్లు మాత్రమే. ముప్పై ఏళ్లుగా ఊరి జనాన్ని ఆవిడ మోకాళ్ల దాకానే ఎరుగును. దానంగా వచ్చిన బట్టలు సంచులకి సంచులు మెట్లమీంచి దొర్లుకుంటూ కిందికొస్తాయి. ఒక్కొక్కటీ తీసి, దులిపి, దీపానికి ఎదురుగా పట్టి చూసి, ఆఖరికి తన ఒంటిమీద వేసుకుని నూరు లెక్కపెడుతుంది. నూరు దాకా ఒంటికి పడిందా, మంచిది. గుండీలు ఊడి, కుట్లు విడిపోతే, బాగుచెయ్యాలి. కంపుకొట్టినా ఒళ్లు మంటపెట్టినా, పీలికలు. మూడు మాటలు, మూడు చెక్కపెట్టెలు. నాలుగో మాట ఆవిడ దగ్గర దొరకదు. బతిమాలినా దొరకదు.

అందుకే ఎదురుగా ఉన్నంతసేపూ అందరూ పిన్నీ పిన్నీ అంటారు గానీ, అటు తిరిగితే ఆవిడ పేరు నిక్కచ్చమ్మ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఒకటి రెండుసార్లు మెట్లమీంచి చెవిన పడితే లోపల్లోపల మురిసిపోయింది కూడా. మనిషి పొట్టి. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది, ఏళ్ల తరబడి బరువు కోట్లు మోసినందుకో, పుట్టుకతోనో ఎవరూ అడగలేదు. కళ్లజోడు కాడ విరిగితే దారం చుట్టుకుంది. ఆ భుజాలమీద ఎన్ని వేల కోట్లు, శాలువలు, స్వెట్టర్లు పడ్డాయో లెక్కలేదు గానీ, వాటిలో ఒక్కటీ తనకంటూ తీసుకున్న మనిషి కాదు. తన స్వెట్టరుకి మోచేతుల దగ్గర అతుకులు. బస్సు కండక్టరైన మొగుడు పోయి పద్దెనిమిదేళ్లు. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక అక్క.

ఆ రోజు పన్ను గడువుకి ఆఖరి రోజు. పొద్దున తలుపు తీసేసరికే మెట్ల పొడుగునా సంచులు. పదిగంటలకి పైనుంచి రసీదుల గుమాస్తా దిగొచ్చాడు. నలభై ఏళ్లవాడు, వేళ్లకి ఎప్పుడూ సిరా, నోటికి ఎప్పుడూ హాస్యం.

"పిన్నీ, పైన వరస చూశావా? గేటు దాటి రోడ్డు దాకా ఉంది. ఏడాదంతా మొహం చూపించనివాళ్లకి భక్తి తన్నుకొచ్చేసింది."

"దేవుడి మీదేనా?"

"గడువు మీద. రేపటి తారీకు పడితే రసీదు ఈ ఏడాది లెక్కలోకి రాదు కదా మరి. ఒకాయన తన పెళ్లినాటి బూట్లు పట్టుకొచ్చాడు. కొత్తవాటి ధర రాయమంటాడు. అవి ఆయన పెళ్లికంటే ఎక్కువ అరిగిపోయి ఉన్నాయి."

ఆవిడ నవ్వలేదు గానీ పెదవి ఒక పక్కకి వంగింది. ఆవిడ లెక్కలో అది నవ్వే.

పద్ధతి ఇదీ. ఇక్కడ ఆవిడ, వచ్చినవి ఎన్ని, ఏ రకం అని చీటీ రాస్తుంది. పైన గుమాస్తా ఆ చీటీ చూసి వెల కట్టి రసీదు రాస్తాడు. ఇచ్చినవాళ్లు ఆ రసీదు పన్ను ఆఫీసులో చూపిస్తే, అంత మేరకు వాళ్ల ఆదాయంలోంచి మినహాయింపు. మంచిదంటే పూర్తి వెల. బాగుచెయ్యాలంటే పావు వంతు. పీలికలంటే ఒట్టి దణ్ణం. కనక పేదవాడి ఒంటికి చేరేది ఏమిటన్నదీ, ఇచ్చేవాడి పన్ను ఎంత తగ్గుతుందన్నదీ రెండూ ఆవిడ పెన్సిల్ ముక్క మీదే ఆధారపడి ఉన్నాయి. వెనకటికి ఒకసారి పన్ను ఆఫీసరు ఒకాయన, ఇక్కడి రసీదులన్నీ బోగస్ అయ్యుంటాయని మొహం గంటు పెట్టుకుని తనిఖీకి దిగాడు. ఆవిడ ఏమీ వాదించలేదు. ఒక ఆడవాళ్ల ఉన్నికోటు తీసి ఆయన భుజాన వేసి, "నూరు లెక్కపెట్టండి" అంది. ఆయన బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నూరూ లెక్కపెట్టాడు. పెట్టి, మారుమాట లేకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు. అప్పటినుంచీ ఆవిడ చీటీ జతపరిచి ఉంటే ఆ ఆఫీసులో రెండోసారి చూడరట. ఆ చీటీకి అంత విలువుందని ఆవిడకి తెలియదు. తెలిసినవాళ్లు వేరే ఉన్నారు.

టీ వేళకి వెనక మెట్లెక్కి పైకి వెళ్లింది. మందిరం వెనక భాగంలో, గతిలేని జబ్బుమనుషుల కోసం మందిరం వాళ్లే నడిపే గది ఒకటుంది. ఎనిమిది మంచాలు. ఎనిమిదో మంచం ఆవిడ అక్కది. నాలుగు నెలలుగా అక్క ఆ మంచం దిగలేదు. ముక్కుకి గొట్టం, పక్కన మనిషెత్తు గాలి సిలిండరు. ఇంట్లో ఉంటే మూడో అంతస్తు, లిఫ్టు లేదు, సిలిండరు తెచ్చుకునే స్తోమత అసలే లేదు. ఈ మంచం దొరకడానికి ఏడాది ఆగాల్సొచ్చింది. ఇవాళ్టికీ పదకొండు మంది వరసలో ఉన్నారు.

అక్క కళ్లు తెరిచి, రోజూ అడిగేదే అడిగింది. "ఇవాళ ఎవరివయ్యావే, చిన్నదానా?"

ఇద్దరి మధ్యా ఉన్న ఆట అది. వేసుకున్న బట్టని బట్టి ఆ రోజు తను ఎవరెవరయిందో ఆవిడ చెప్పాలి.

"పొద్దున్నే ప్లీడర్నయ్యా. జేబులో దువ్వెన ముక్క ఉంది, బట్టతల ప్లీడర్ని. తరవాత కవలపిల్లల తల్లినయ్యా, ఒకే రంగు స్వెట్టర్లు రెండొచ్చాయి."

"పెళ్లికూతురివి కాలేదా?"

"అరవయ్యేళ్లకా? కోట్లకైనా సిగ్గుండద్దూ!"

అక్క నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆయా వచ్చి వీపు రాసింది. ఈ ఆయా మంచిపిల్ల, అక్కని పెద్దమ్మా అని, ఈవిణ్ణి పిన్నీ అని పిలుస్తుంది. దగ్గు తగ్గాక అక్క, "కాళ్లు చల్లబడుతున్నాయే" అంది. ఆవిడ దుప్పటి కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. నిజంగానే చల్లగా ఉన్నాయి. దుప్పటి పలచబడి అవతలి వేళ్లు కనపడుతున్నాయి.

"ఇవాళ రగ్గులొస్తాయన్నారు. మంచిది చూసి సాయంత్రం తెస్తాలే."

"వేసుకుని చూసి మరీ తే."

ఆ మాట అక్కదే. నూరు లెక్కా అక్కదే. తల్లి పోయిన ఏడాది ఇద్దరూ ఇలాంటి దానాల వరసలోనే నిలబడ్డారు. అక్కకి పద్నాలుగు, తనకి ఆరు. తనకి ఒక ఎర్రకోటు ఇచ్చారు. రంగుకి మురిసిపోయి ఇంటిదాకా గెంతుకుంటూ వచ్చింది. ఎక్కడో తడి గోదాములో పడున్న కోటు అది, లోపల అస్తరంతా బూజు. ఆ చలికాలమంతా ఒళ్లు దద్దుర్లు, ఛాతీలో పిల్లికూతలు. రాత్రుళ్లు అక్క తన వీపుకి వీపు ఆనించి పడుకునేది. పిల్ల బతికి బట్టకట్టాక, అక్క ఆ కోటు చంకన పెట్టుకుని తిన్నగా వెళ్లి, ఇచ్చిన ఆవిడ భుజాల మీద వేసింది. "మీరు వేసుకుని నూరు లెక్కపెట్టండి. ఆగగలిగితే మళ్లీ పట్టుకుపోతాను" అంది. మరుసటేడు వాళ్లకి ఆ వరసలో చోటివ్వలేదు. అక్క పెళ్లి మానుకుని, బట్టల ఫ్యాక్టరీలో ముప్పై అయిదేళ్లు మిషను తొక్కి, చెల్లెల్ని పెంచి, పెళ్లి చేసి, మొగుడు పోతే మళ్లీ ఇంటికి తెచ్చుకుంది. ఆ ఫ్యాక్టరీ నూగే ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కూర్చుంది. ఇంత చేసిన మనిషికి తను చెయ్యగలిగింది ఈ మంచం ఒక్కటే అని ఆవిడకి మనసులో ఎప్పుడూ ఒక కుంగుబాటు.

మధ్యాహ్నం రగ్గులొచ్చాయి. లారీలో. మోటుగా తాళ్లతో కట్టిన ముప్పై కట్టలు, కట్టకి పది. ఊళ్లో పెద్ద రగ్గుల షావుకారు ఏటా మందిరానికి డబ్బిచ్చే ధర్మాత్ముడు. ఈ ఏడు డబ్బుకంటే ముందు ఇవి పంపాడు. సాయంత్రం అవి వంతెన కింద పడుకునేవాళ్లకి పంచాలి. చలి ముదిరిపోయింది, ఇద్దరు ముసలివాళ్లు ఈ వారమే పోయారు.

మొదటి కట్ట తాడు కొయ్యగానే ఆవిడ ముక్కు చెప్పేసింది. ముక్కిపోయిన వాసన. పైన రంగు నిగనిగలాడుతోంది, కొత్త చీటీ కూడా ఊడలేదు. మడత విప్పితే లోపల నల్లటి చుక్కలు, వాటి చుట్టూ తెల్లటి నూగు. గోదాములోకి నీళ్లొచ్చి, నెలల తరబడి ఆరబెట్టకుండా కట్టలు కట్టినట్టున్నారు. అయినా పద్ధతి పద్ధతే. ఒకటి తీసి భుజాల మీద వేసుకుంది. ఒకటి, రెండు. ఇరవై దగ్గర మెడ మండింది. ముప్పై అయిదు దగ్గర ఛాతీలో సన్నగా పిల్లికూత వినిపించింది. యాభై నాలుగేళ్లయింది ఆ కూత విని. చప్పున తీసి పడేసింది. జీవితంలో ఆవిడ నూరు దాకా ఆగకుండా తీసేసిన బట్టలు వేళ్లమీద లెక్కపెట్టచ్చు. ఇంకో కట్ట, ఇంకో కట్ట, ఆరు కట్టలు చూసింది. అన్నీ అంతే. చీటీ మీద "రగ్గులు మూడువందలు, పీలికలు" అని రాసి పైకి పంపేసింది.

అరగంట గడవకముందే ఆ చీటీ పట్టుకుని మందిరం కార్యదర్శి గారే దిగొచ్చారు. ఆయన ఇదివరకు బడిలో హెడ్మాస్టరు. చెడ్డమనిషి కాదు. చొక్కా కాలరు తిరగేసి కుట్టించుకుని వేసుకునే మనిషి. ఒక మూట మీద కూర్చుని చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇవి మంచివని రాయాలి."

"వేసుకుని చూడండి, అయ్యగారూ."

"అక్కర్లేదు. వాసన మెట్లమీదికే వచ్చింది." ఆయన గొంతు తగ్గించాడు. "షావుకారు పైనే ఉన్నాడు. వీటికి పూర్తి వెల రసీదు కావాలి ఆయనకి. ఆ మినహాయింపు వస్తేనే డబ్బు చెక్కు ఇస్తానంటున్నాడు. ఇవాళ్టి తారీకుతోనే కావాలి. వేరే ఎవరు రాసినా పన్నువాళ్లు తనిఖీకి వస్తారు. మీ చేతిరాతైతే రారు."

"నా చేతిరాత అందుకా పనికొచ్చింది?"

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. అప్పుడు నిజంగా చెప్పాల్సింది చెప్పాడు. "పైన ఎనిమిది మంచాలు నడిచేది ఆ చెక్కుతోనేనమ్మా. సిలిండర్లు, మందులు, ఆయా జీతం. నేను బెదిరించడం లేదు, నాకు వేరే దారి కనపడ్డం లేదు. చెక్కు రాకపోతే వచ్చే నెల ఆ గదికి తాళం పడుతుంది. ఎవరిళ్లకి వాళ్లని పంపెయ్యాలి."

ఆవిడకి ఒక్కసారిగా మూడో అంతస్తు మెట్లు కళ్లముందు కనపడ్డాయి. యాభై ఆరు మెట్లు. పైన గాలి లేని గది, గొట్టం లేని అక్క మొహం. బల్ల పట్టుకుంది.

"కప్పుకునేవాళ్ల మాటేమిటండీ?"

"ఒట్టి నేల మీద పడుకునేకంటే..."

"ఛాతీ పట్టేస్తుంది. నాకు తెలుసు."

"నాకూ తెలుసమ్మా" అన్నాడాయన. ఆయన కసిరి ఉంటే ఆవిడకి తేలికగా ఉండేది. తెలుసని ఒప్పుకున్న మనిషితో ఎలా పోట్లాడాలో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఆయా నిలబడింది. రోజూ మూడు దాటాక ఆ పిల్ల నేల తుడవడానికో, మంచాలు తుడవడానికో పీలికలు అడగటానికి వస్తుంది. ఇవాళ చేతులు కొంగులో చుట్టుకుని, ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచింది. ఆవిడ మొదట్నుంచీ ఒక పనిలో ఉండగా ఇంకో మాట విననిది. పీలికల పెట్టెలోంచి ఒక మూట లాగి ఆయా చేతుల్లో పెట్టి, "ఇదిగో, పట్టుకెళ్లు. మాటలు తరవాత" అంది. ఆయా మూట వైపు చూసింది, కార్యదర్శి గారి వైపు చూసింది, నోరు మూసుకుని వెళ్లిపోయింది.

గోడ గడియారంలో మూడుంబావు. కిటికీలోంచి ఎవరివో కాళ్లు గబగబా నడిచిపోయాయి. ఆవిడ ఇంకో చీటీ తీసింది. పెన్సిల్ ముక్క మొద్దుబారింది. చాకుతో చెక్కింది, అక్కర్లేనంత సేపు చెక్కింది. పాపిష్టి చెయ్యి వణికితే బాగుండును, ఎవరైనా పట్టుకుంటారు అనుకుంది. అది వణకలేదు. "రగ్గులు మూడువందలు, మంచివి." కింద సంతకం. తరవాత ముప్పై అట్టముక్కల మీద ముప్పైసార్లు "మంచిది" రాసి, కట్టకొకటి చొప్పున పై రగ్గుకి కట్టింది. ప్రతి ముడీ వేస్తూ, అక్క కోసం, అక్క కోసం అనుకుంది. అనుకుంటే మనసు ఊరుకుంటుందని. ఊరుకోలేదు.

కార్యదర్శి గారు లేచి, మొదటి కట్టలోంచి చీటీ కట్టిన రగ్గు తనే తీసి చంకన పెట్టుకున్నాడు. "మొదటిది మీ అక్కగారికే ఇచ్చి వస్తాను. చలికి వణుకుతోందని ఆయా అంటోంది." ఆ మాటలో వెటకారం లేదు. నిజంగా ఏదో ఒకటి చెయ్యాలని ఆయన తాపత్రయం.

ఆవిడ చెయ్యి సగం ఎత్తి దించేసింది. మంచివని రాసిన చేత్తో వద్దని ఎలా ఆపుతుంది? ఆయన మెట్లెక్కుతూంటే ఆ రగ్గు అంచున చీటీ ఊగుతూ కనపడింది.

వెనకాలే పరుగెత్తాలనుకుంది. కానీ గుమాస్తా నాలుగు ప్రతులు పట్టుకుని వచ్చాడు, నాలుగింటి మీదా సంతకాలు కావాలట. అతను "మంచివి" అన్న మాట చదివాడు, కట్టల వైపు చూశాడు, ఆవిడ వైపు చూడలేదు. ఇవాళ్టికి హాస్యం అయిపోయినట్టుంది. సంతకాలయ్యాక కాగితాలు ఊది ఆరబెట్టుకుంటూ, "వెళ్లిరా పిన్నీ, పెద్దమ్మని చూసిరా" అన్నాడు. ఆవిడ పెట్టెలోంచి పొద్దున్నే తను నూరు లెక్కపెట్టిన ప్లీడరు కోటు తీసుకుంది. ఆ రగ్గు లాగేసి, ఇది కప్పాలి. అక్క అడిగితే రగ్గులు బాగాలేవని నిజమే చెప్పాలి. అక్క ఏమంటుందో? తిడితే పడాలి. తిట్టినా గొట్టం పెట్టుకునే తిడుతుంది కదా, ఆ మంచం మీదే కదా. వెనక మెట్లు ఎక్కుతూంటే ఆవిడకి ఒక పిసరు ఊరటగా కూడా అనిపించింది.

గదిలోకి అడుగు పెట్టగానే తెలిసింది. సిలిండరు చప్పుడు లేదు.

అక్క గడ్డం దాకా కొత్త రగ్గు కప్పి ఉంది. మొహం తుడిచి, తల దువ్వి ఉంది. ముక్కుకి గొట్టం తీసేసిన చోట రెండు ఎర్రటి గీతలు.

ఆయా గోడకి ఆనుకుని నిలబడింది. "మూడు కొట్టాక, పిన్నీ. నిద్రలోనే. ఒక్కసారి పెద్దగా ఊపిరి తీసింది, అంతే. నేను వెంటనే కిందికొచ్చాను. పెద్దాయన ఉన్నారు. నువ్వేమో మూట చేతిలో పెట్టి..." ఆ పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఆ గుడ్డలతోనే ఒళ్లు తుడిచాను. మెత్తటివే ఏరి తుడిచాను. తరవాత పెద్దాయన రగ్గు తెచ్చారు. ఆయనకీ అప్పుడే తెలిసింది. కప్పమన్నారు."

ఆవిడ ప్లీడరు కోటు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. మూడు కొట్టాక. మూడుంబావుకి తను పెన్సిల్ చెక్కుకుంటోంది. ఈ మంచం కోసమని ముప్పై ముళ్లు వేసింది. అప్పటికే మంచం ఖాళీ.

ఏడుస్తుందనుకుంది ఆయా. ఆవిడ ఏడవలేదు. రగ్గు అక్క మీంచి తీసేసి, కోటు కప్పింది. కాళ్ల దగ్గర అది చాలలేదు, తన స్వెట్టరు విప్పి కాళ్లకి చుట్టింది. తరవాత ముక్కాలిపీట మీద కూర్చుని ఆ రగ్గు తన భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఏం చేస్తున్నావు పిన్నీ?"

"లెక్కపెడుతున్నా."

ఇరవై దగ్గర మెడ మండింది. యాభై దగ్గర ఛాతీలో పిల్లి కూసింది. డెబ్బై దగ్గర కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది, అది రగ్గు వల్లో కాదో ఆవిడకే తెలియదు. ఆపలేదు. నూరు దాకా లెక్కపెట్టింది. "ఇవాళ ఎవరివయ్యావే" అని అడగడానికి అక్క లేదు. అడిగితే చెప్పడానికి తన దగ్గర జవాబూ లేదు.

అయిదున్నరకి బండి వచ్చింది. వెనక మెట్లు ఇరుకు, స్ట్రెచరు తిరగదు. ముందు హాల్లోంచే తీసుకెళ్లాలి. హాల్లో ఇంకా రసీదుల వరస తగ్గలేదు. గుమాస్తా ముద్ర టక్‌టక్‌మని పడుతోంది. స్ట్రెచరుని చూసి జనం తప్పుకున్నారు, ఒకరిద్దరు చేతులు జోడించారు. వెనకాల ఆవిడ నడిచింది, భుజాన ఆ రగ్గుతోనే. విప్పాలన్న ధ్యాసే లేదు.

గుమ్మం దగ్గర రగ్గుల షావుకారు నిలబడి ఉన్నాడు. మడత పెట్టిన రసీదు జేబులో పెట్టుకుంటున్నాడు. శవం దాటేదాకా తల వంచుకుని ఆగాడు. మర్యాద తెలిసినవాడే. తరవాత ఆవిడ భుజాల వైపు చూసి మొహం విప్పారింది.

"మా రగ్గే కదమ్మా! వెచ్చగా ఉందా?"

ఆవిడ ఆగింది. రగ్గు విప్పింది. ఆయన ఎత్తుకి అందక మునివేళ్ల మీద లేచి, రెండు చేతులతో ఆయన భుజాల మీద వేసి, మెడ దగ్గర దగ్గరికి లాగింది.

"నూరు లెక్కపెట్టండి."

"ఏమిటి?"

"నూరండీ. లెక్కపెట్టండి."

ఈవిడ నిక్కచ్చమ్మ అని ఎవరో చెవిలో చెప్పారు. ఆయన తమాషాగా నవ్వి, ఏడుస్తున్న మనిషిని కాదనలేక మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర నవ్వు పోయింది. తొమ్మిది దగ్గర ముక్కు ఎగబీల్చాడు. పదకొండు దగ్గర ఆగి, రెండు వేళ్లతో అంచు పట్టుకుని ఎడంగా జరుపుకున్నాడు. రగ్గు జారి మెట్టు మీద పడింది. "ఎక్కడో తడి తగిలినట్టుంది" అని గొణిగాడు.

"అన్నీ అంతేనండి. మూడువందలూ." ఆవిడ గొంతు పెద్దది కాదు గానీ హాలంతటికీ వినపడింది. "మంచివని రాసింది నేను. సంతకం నాది. మా అక్క మంచం పోతుందని రాశాను."

ముద్ర చప్పుడు ఆగింది. షావుకారు జేబు మీద చెయ్యి వేసుకుని, రసీదు ఉందని తేల్చుకుని, కారు వైపు దిగి వెళ్లిపోయాడు. పక్క వీధిలోంచి లారీ బయల్దేరిన చప్పుడు వినిపించింది. ఇరవై తొమ్మిది కట్టలూ, ఒకటి తక్కువైన మొదటి కట్టా వంతెన వైపు వెళ్లిపోయాయి. ఆవిడ ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా విని, స్వెట్టరు లేకుండానే బండెక్కి, అక్క కాళ్ల దగ్గర కూర్చుంది. మరునాడు గానీ, ఆ తరవాత గానీ నేలమాళిగకి రాలేదు.

కాసేపటికి లోపల ముద్ర మళ్లీ మొదలైంది. గడువింకా ఉంది. వరసలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే రసీదు తీసుకుని మెట్లు దిగారు. దిగే ప్రతివాళ్లూ ఆ రగ్గు తొక్కకుండా పక్కనుంచి అడుగేశారు. దాని అంచుకి దారంతో కట్టిన అట్టముక్క పైకి తిరిగి ఉంది. దానిమీద పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాల్లో, మంచిది.